నాలుగెండల్లో తెల్లబడిన బొంత

మొన్న కల్లూరులో మా మనవరాలి ఇంట్లో మంచం మీద కాఫీ ఒలికింది. ఒలకబోసింది నేనే. తొంభైకి దగ్గరపడిన చెయ్యి, ఆ రోజే పరిచిన కొత్త దుప్పటి, అంచుదాకా పోసిన గ్లాసు, ఈ మూడూ ఒకచోట చేరితే జరిగేది అదే. మనవరాలు ప్లాస్టిక్ సీసా ఒకటి తెచ్చి మరక మీద రెండుసార్లు పిచికారీ కొట్టి, ఐదు నిమిషాలాగి తుడిచేసింది. మరక పోయింది. "చూశావా జేజీ, ఎంత సులభమో" అంది. చూశాను, బాగుంది. కానీ లోపల కొంచెం ఉక్రోషంగా కూడా అనిపించింది. ఒకప్పుడు ఒకే ఒక్క మరక కోసం నేను ఐదో నెల కడుపుతో నాలుగు రోజులు ఏటి ఇసకలో కూర్చున్నాను. ఆ సంగతి చెప్పబోయేసరికి దాని ఫోను మోగింది. అందుకని మీకు చెబుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఆయన అక్కడ గుమాస్తా. ఆఫీసు ఒక గుడారంలో, మకాం ఇంకో గుడారంలో. గాలి లేస్తే ఫైళ్లను పట్టుకోవాలో గుడారం గుంజను పట్టుకోవాలో తెలియడం లేదని ఉత్తరాలు రాసేవాడు. పెళ్లాన్ని గుడారంలో కాపురం పెట్టలేక నన్ను కమలాపురం దగ్గరి పల్లెలో, తన వాళ్లింట్లోనే ఉంచాడు. మా పుట్టిల్లు బద్వేలు. మా నాయన వీధిబడి అయ్యవారు. ఆస్తి లేదు గానీ ఇంటినిండా పలకలు, తాటాకులు, సిరాబుడ్లు ఉండేవి. అత్తవారిల్లు దానికి పూర్తిగా ఎదురు. ధాన్యం గాదెలు, ఎద్దులు, నిమ్మతోట అన్నీ ఉన్నాయి, అక్షరం ముక్క మాత్రం మామగారి దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఆయన వయసులో ఉన్నప్పుడు కొన్నాళ్లు కరణం దగ్గర రాత నేర్చుకున్నాడట. ఆ గౌరవంతోనే ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా మా అరుగు మీదికే వచ్చేది.

ఆ ఇంట్లో మా అత్త, మామ కాక పెద్దత్త ఉండేది. పెద్దత్త అంటే మామగారి అన్న భార్య. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. మనిషి పొడవు, మాట పొట్టి. వందమందికి వంట ఒంటిచేత్తో దించేది. ఆమె సూది పట్టి రవికకు మాసిక వేస్తే ఎక్కడ వేసిందో వేసిన మనిషే వెతుక్కోవాలి. ఒక్క పని మాత్రం ఆమె చేసేది కాదు. పసిబిడ్డను ఎత్తుకునేది కాదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా ఆడబిడ్డ పురిటికొచ్చింది. రోజూ బిడ్డకు నీళ్లు కాచేది పెద్దత్తే. నీళ్లలో మోచెయ్యి ముంచి వేడి సరిపోయిందో లేదో చూసేదీ ఆమే. చూసి, చెంబు గడప దగ్గర పెట్టి, పక్కకు తప్పుకునేది. స్నానమైపోయి సాంబ్రాణి పొగ వేసేదాకా తలుపు అవతలే నిలబడి వినేది. బిడ్డ ఏడుపు ఆగితే గానీ వంటింట్లోకి కదిలేది కాదు. ఎందుకిట్లా అని ఎవరినీ అడిగే ధైర్యం నాకు లేదు. కొత్త కోడలికి కళ్లుంటాయి, నోరుండదు.

కారణం ఆ వేసవిలో బయటపడింది. పెట్టెల్లోని బట్టలన్నీ ఎండకు వేస్తుంటే అడుగు నుంచి ఒక బొంత వచ్చింది. మామగారి తల్లి కుట్టిన బొంత అది. చుట్టూ ఆమె తరపు ఆడవాళ్ల చీర ముక్కలు, మధ్యలో ఇంటి మగవాళ్ల తెల్ల పంచెలు, ఏడెనిమిది పొరలు. చీమల బారులాంటి కుట్టు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డనూ మొదట దాని మీదే పడుకోబెట్టేవాళ్లట, ఒకప్పుడు. ఇప్పుడు దాని నడిమధ్య తెల్ల గుడ్డ మీద అరచేయంత మరక ఉంది, తుప్పు రంగులో, ఎండిన నెత్తురులా. అత్త దాన్ని వేళ్ల కొసలతో పట్టుకుని దండెం చివర వేసి, గొంతు తగ్గించి చెప్పింది. పెద్దత్తకు పదహారో ఏట కొడుకు పుట్టాడు. ఆ బొంత మీద పడుకోబెట్టారు. పదకొండో రోజు జ్వరంతో బిడ్డ పోయాడు. తర్వాత బొంతను ఉతికితే ఎర్రటి మరక తేలింది. బిడ్డ నెత్తురు కక్కుకున్నాడనీ, తల్లి చేతిలో దోషముందనీ ఊరంతా అనుకుంది. పెద్దత్త కాదనలేదు. ఆనాటి నుంచి పసిబిడ్డను తాకలేదు.

"మీ అవ్వ బతికినన్నాళ్లు దాన్ని పారెయ్యనియ్యల్యా. నేను కుట్టింది, నా కండ్ల ముందర పారెయ్యొద్దండె. ఏడాదికొక తూరి ఉతికించేది, యాడ పోతాదది. ఇప్పుడామె ల్యాకపాయె. నువ్వు కడుపుతో ఉండావు. వచ్చే వారం ఏట్లో వదిలేస్తా, పీడ పోతాది" అంది అత్త. అత్త చెడ్డది కాదు. రాబోయే మనవడి కోసం భయపడుతోంది, అంతే. తలుపు దగ్గర పెద్దత్త చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. ఆమెకు వినపడింది. చెయ్యి ఆగలేదు.

ఆ మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక దండెం దగ్గరికి వెళ్లి ఆ మరకను దగ్గరగా చూశాను. చూసేకొద్దీ అది నాకు తెలిసిన మరకలాగే అనిపించింది. మా నాయన ఇంట్లోనే సిరా కాచేవాడు. కరక్కాయలు నలగ్గొట్టి నానబెట్టి, అన్నభేది అనే ఇనప ఉప్పు కలిపితే కాటుకలాంటి సిరా దిగేది. బడిపిల్లల చొక్కాల మీద, నాయన పంచెల మీద అది పడని రోజు లేదు. పడినప్పుడు నలుపు. చాకళ్లు వాడే చవుడు మట్టి పెట్టి ఉతికితే నలుపు విరిగి ఇట్లాంటి ఎరుపే మిగిలేది. ఇంకా ఉతికితే ఇంకా ముదిరేది. అందుకని మా అమ్మ సిరా మరకకు చవుడు తగలనిచ్చేది కాదు. ఉప్పు, నిమ్మరసం వేసి ఎండలో పెట్టేది. నెత్తురు మరకకు నిమ్మరసం ఏమీ చెయ్యదని కూడా అమ్మ దగ్గర నేర్చుకున్నదే.

అప్పుడే లేచి వంటింట్లోకి వచ్చిన అత్తను రెండు నిమ్మకాయలు, గుప్పెడు ఉప్పు కావాలని అడిగాను. కడుపుతో ఉన్న పిల్ల నిమ్మకాయ అడిగితే ఎవరైనా ఏమనుకుంటారు? అత్త ముఖం వెలిగిపోయింది. "రెండేం సరిపోతాయి, ఇంగో నాలుగు తీసుకో. శానా పులుపు కోరుతాండావు, మగబిడ్డే" అంది. ఆరు కాయలు పట్టుకుని పెరట్లోకి వెళ్లి మరక అంచున వేలెడంత మేర పిండి, ఉప్పు అద్ది, గోడ మీద ఎండకు పెట్టాను. పొద్దు వాలేసరికి ఆ వేలెడు మేరా పసుపు రంగుకు దిగింది. అప్పుడు అత్తకు చూపించి, "అత్తా, ఇది నెత్తురు కాదు, సిరా. నాకు నాలుగు దినాలు గడువియ్యి. పోకుంటే నేనే ఏట్లో వదిలేసి వస్తా" అన్నాను. అత్త ఆ పసుపు వైపు చూసింది, నా కడుపు వైపు చూసింది. "నిమ్మకాయలు తింటివనుకుంటినే" అంది మొదట. తర్వాత బొంతను గోడ మీంచి వేళ్ల కొసలతోనే తీసి నాకిచ్చి, "నాలుగు దినాలే" అంది.

ఊరి బావి నీళ్లు ఉప్పన. వాటితో అయ్యే పని కాదు. పాపాఘ్ని ఏరు వేసవిలో ఎండిపోయినా ఇసకలో చెలమ తవ్వితే తియ్యటి నీళ్లు ఊరుతాయి. మర్నాడు మా ఇంటి బట్టలు ఉతికే చాకలామెను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. ఆమెకు పెద్దత్త వయసుంటుంది. ఆ బొంతను ముందు ఈ చాకలామె అత్త, తర్వాత ఈమె ఏటేటా ఉతికారు. నేను సంగతి చెబితే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "అయితే ఇన్నేండ్లూ మేం ఉతికిందే దాన్ని ముదరబెట్టినాదంటావు" అంది. ఆమెకు కోపం వచ్చిందనుకున్నాను. కాసేపు బొంతను అటూ ఇటూ తిప్పి చూసి, "నెత్తురని చెప్పిరి తల్లీ. నెత్తురు మాదిరే ఉతికినాం" అంది. ఆ తర్వాత పని ఆమె చేతుల్లోకి తీసుకుంది. తుప్పు అంటుతుందని ఇనప బొక్కెనను దగ్గరికి రానివ్వలేదు, మట్టి బానే కావాలంది. రంగు చీర ముక్కలకు పులుపు తగలకుండా చుట్టూ తడి ఇసక కట్ట కట్టింది. నేను రసం పిండేదాన్ని, ఆమె ఉప్పు రుద్దేది. ఆరిపోతే మళ్లీ తడిపేవాళ్లం. ఇద్దరం తుమ్మచెట్టు కింద కూర్చుని ఆ గుడ్డను పాలు పొంగకుండా కాపలా కాసినట్టు కాశాం.

మొదటి రోజు పెద్దగా తేడా లేదు. రెండో రోజు పరువు పోయింది. మరక కరిగి పక్కలకు పాకి లేత పసుపు రంగులో విస్తరాకంత అయింది. చెలమకు నీళ్లకొచ్చిన ఆడవాళ్లు కడవలు దించి మరీ చూసి పోయారు. అత్త వచ్చి చూసి వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. పెద్దత్త మాత్రం కంచంలో ఇంకో ముద్ద పెట్టి, "ఎండలో కూచున్న మనిషివి, తిను" అంది. మూడో రోజు పొద్దున నేను బయల్దేరేసరికి గంప నిండా నిమ్మకాయలు చెక్కలుగా కోసి తడిగుడ్డ కప్పి గుమ్మంలో పెట్టి ఉంచింది. ఊరగాయకని అత్త దాచుకున్న కాయలవి.

మూడో రోజు ఎండకు పసుపంతా విరిగిపోయింది. పై పొర తెల్లబడింది. నాలుగో రోజు చాకలామె ఎండకు ఎత్తి పట్టి చూసి, లోపలి పొరల్లో ఇంకా నీడ ఉంది, కుట్టు విప్పాలి అంది. కుట్టు విప్పే చెయ్యి పెద్దత్తదే. పిలిస్తే వస్తుందో రాదో అనుకున్నాను, వచ్చింది. ఆ బొంత దగ్గర ఆమె కూర్చోవడం ముప్పై నాలుగేళ్లలో అదే మొదటిసారట. ఆమె వెనకే అత్త, అత్త వెనక తోట నుంచి వస్తున్న మామ. పెద్దత్త సూదిమొనతో జానెడు మేర కుట్టు విప్పి పై పొరలు తీసింది. ఉతుకుల చవుడు అందని లోపలి పొర మీద మరక ఎరుపు కాదు. నల్లగా, నిగనిగలాడుతూ, నిన్ననే ఒలికినట్టుంది. చూసినవాళ్లెవరికీ అది సిరా అని వేరే చెప్పనక్కర లేకపోయింది.

మామగారు తలపాగా తీసి ఇసకలో కూర్చున్నాడు. "వదినా, ఆ సిరా నాది" అన్నాడు. కరణం దగ్గర రాత నేర్చుకుంటున్న రోజుల్లో మడిచిన బొంత మీద పలక పెట్టుకుని రాస్తుంటే బుడ్డి దొర్లింది. తల్లికి భయపడి మరక లోపలికి పోయేట్టు మడిచి పెట్టెలో పెట్టేశాడు. నెల తిరక్కుండా బిడ్డ పుట్టడం, ఆ మడత విప్పకుండానే బొంత మీద పడుకోబెట్టడం, బిడ్డ పోవడం జరిగిపోయాయి. "నెత్తురనిరి. నలుపు గదా నాది, ఎరుపెట్లయితాదని నేనూ నమ్మితి. నమ్మినానా, నమ్మినట్టుంటినా, నాకే తెల్దు వదినా" అన్నాడు.

పెద్దత్త ఆ నల్లటి మరక మీద చెయ్యి పెట్టింది. కన్నీళ్లు పెట్టుకోలేదు. "అప్పుడే చెప్పింటే నీ కొడుకునన్నా ఎత్తుకొనుంటా గదప్పా" అంది. ఆ కొడుకు మా ఆయనే. చాకలామె ముక్కు చీదుకుని, "ఎండ పోతాంది, రసం పిండండి" అంది. అందరం కదిలాం. మామగారు కూడా కూర్చుని నిమ్మకాయలు పిండాడు. ఆ ఇంట్లో ఆయన చేత్తో చేసిన మొదటి ఆడపని అది. గింజలన్నీ బొంత మీద పడ్డాయి. పొద్దు వాలేసరికి లోపలి పొర కూడా తెల్లబడింది. నీళ్లు మార్చి మార్చి జాడించి ఇసక మీద పరిస్తే, దాని మీద వడియాలు పెట్టుకోవచ్చు, అంత తెల్లగా ఉంది. ఊళ్లోకి తిరిగి వస్తుంటే చాకలామె బొంతను మూట కట్టలేదు. తల మీద విప్పి పరుచుకుని, నాలుగు అంచులూ కనపడేట్టు నడివీధి గుండా నడిచింది. ఎవరూ అడక్కముందే, "సిరా, సిరా మరక. నెత్తురు గాదు" అని ప్రతి గడపకూ చెప్పుకుంటూ వచ్చింది. దొడ్డిదారి ఉన్నా మా అత్త ఆ రోజు నడివీధిలోనే నడిచింది.

నాకు ఆడపిల్ల పుట్టింది. పులుపు లెక్క తప్పిందని అత్త నవ్వింది. పురుడు పుట్టింట్లో పోసుకుని, బిడ్డకు ఐదో నెలలో బద్వేలు నుంచి తీసుకొచ్చేసరికి వాకిట్లో బంధువులంతా ఉన్నారు. కర్నూలు నుంచి గుడారాలొదిలి మా ఆయన వచ్చాడు. మామగారు అందరి ముందూ లేచి నిలబడి సిరా సంగతి మొదటి నుంచి చివరిదాకా తన నోటితోనే చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. నేను బిడ్డను అత్తకు ఇవ్వబోతే అత్త రెండడుగులు వెనక్కి వేసి, "నాకు గాదు, అక్కకియ్యి" అంది. పెద్దత్త చేతులు చాచింది. మెడ కింద అరచెయ్యి పెట్టి, నిన్నటిదాకా ఇంటి నిండా పిల్లల్ని పెంచిన మనిషిలా బిడ్డను అందుకుని బొంత మధ్యలో పడుకోబెట్టింది. నా కూతురు వెంటనే దాన్ని తడిపేసింది. "పోనీలే, ఇది ఉతికితే పోయేదే" అంది పెద్దత్త. వాకిలంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది ఆమే.

ఆ తర్వాత ఆమె పద్దెనిమిదేళ్లు బతికింది. మా ఇంట్లో, ఊళ్లో ఆమె ఎత్తుకోని బిడ్డ లేదు. పురిటి ఇళ్ల వాళ్లు ఆమె కోసం మనిషిని పంపేవాళ్లు. కాలం గడిస్తే ఏ మరకైనా అదే పోతుందని పెద్దలంటుంటారు. ముప్పై నాలుగేళ్ల కాలం చేసిన పనేమిటో నేను కళ్లారా చూశాను గనక ఆ మాట నమ్మను. కాలం తన దారిన తను పోతుంది. మరక పోవాలంటే ఎవరో ఒకరు కొంగు దోపుకుని కూర్చోవాలి.