జోజప్పగారి మకాం

ఆ రోజుల్లో మా ఇంటిని కొనడానికి నాలుగు వందల మంది వచ్చారంటే మీరు నమ్మరు. నమ్మకండి, వచ్చింది ఏడుగురే. నేను ఏ సంగతినైనా కాస్త సాగదీసి చెబుతానని ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత నన్నెవరూ నిలదీయకూడదు. ఆ ఏడుగురూ గేటు దగ్గరే ఆగి, జేబుల్లోంచి దిక్సూచులు తీసి, దక్షిణం వాకిలని తెలియగానే పామును చూసినట్టు వెనక్కి దూకారు. (దిక్సూచి ఒక్కడి దగ్గరే ఉంది. దూకిందీ వాడొక్కడే. మిగతావాళ్ళు మర్యాదగా మంచినీళ్ళు తాగి వెళ్ళారు.)

తొంభైల చివర, గుండ్లపోచంపల్లిలో ఆ ఇల్లు మా నాయిన దగ్గరుండి కట్టించుకున్నది. ఆయన వడ్రంగి. వాకిలి ఎటు పెడితే గాలి వస్తుందో అటు పెట్టాడు. కథోలికులం కాబట్టి వాస్తుతో మనకేం పని అనుకున్నాడు గానీ, కొనేవాడికి పనుంటుందని ఆయనకు తట్టలేదు. మా అమ్మేమో గాజులరామారంలో ఒక బళ్ళో టీచరు. రోజూ రెండు బస్సులు మారి, నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేసి, సాయంత్రం మా ఇంటి రెండు మెట్లూ ఎక్కడానికి హిమాలయాలెక్కినంత సేపు తీసుకునేది. బడి వెనక వీధిలో ఒక ఇల్లు చూసిపెట్టుకుంది. ఇది అమ్ముడుపోతే అది కొనాలి. ఇంట్లో ఆమెకున్న కోరిక అదొక్కటే.

ఆ కోరిక తీరకూడదని నా కోరిక. కారణం ఎదురింటి ఛోటే. నాకూ వాడికీ ఇరవై ఏళ్ళు, మేడ్చల్ రోడ్డు మీద ఒకే గోదాములో ఉద్యోగం, ఇద్దరికీ కలిపి ఒకే స్కూటరు. (బ్రేకులు వాడి కాళ్ళు, హారన్ నా గొంతు.) వాళ్ళమ్మ వండే ఖట్టీ దాల్ కోసం నేను మా ఇంట్లో నెలల తరబడి ఆకలి లేదని అబద్ధమాడాను. ఆ గల్లీ వదిలి గాజులరామారం పోవడమంటే నాకు దేశబహిష్కరణే.

ఇంతలో బళ్ళో ఒక కేరళ సిస్టరమ్మ అమ్మకు ఉపాయం చెప్పింది. ఏసుప్రభువును పెంచిన వడ్రంగి తండ్రి, పునీత జోజప్పగారి బొమ్మను ఇంటి ముందు తలకిందులుగా, మొహం ఇంటివైపు ఉండేలా పాతిపెట్టి, నవదిన ప్రార్థనలు చేస్తే ఇల్లు ఇట్టే అమ్ముడుపోతుందట. పైకి రావాలన్న తొందరలో ఆయనే బేరం కుదురుస్తాడన్నమాట. ఈ మాట వినగానే మా నాయిన చేతిలోని చిత్రిక ఆగిపోయింది. "గాయిన మా వడ్లోళ్ళకు మేస్త్రి. మేస్త్రిని తలకాయ కిందికి వెడ్తవా?" అన్నాడు. అమ్మ వినలేదు. జానెడు బొమ్మను తెల్లటి చేతిరుమాల్లో చుట్టి, నెత్తికి దెబ్బ తగలకుండా గుంటలో మెత్తటి ఇసుక పోసి, "అయ్యా, జర ఓర్సుకోండ్రి. ఇల్లు అమ్ముడువోంగనె నేనే తీస్త" అని చేతులు జోడించి మరీ పాతింది.

జోజప్పగారి పలుకుబడి నాకు బాగా తెలుసు. ఇంటర్ పరీక్షల్లో లెక్కలు గట్టెక్కించింది ఆయనే. అందుకని మర్నాడు అమ్మ బడికి పోగానే ఆయన్ని తవ్వి తీసి, గుంటను మళ్ళీ పూడ్చేశాను. తీశాక ఎక్కడ పెట్టాలి? పునీతుడు, పారేస్తే పాపం. ఇంట్లో ఉంటే అమ్మ కంట పడతాడు. ఛోటేను అడిగితే, ఎందుకని కూడా అడగకుండా, వాళ్ళ కరివేపాకు చెట్టు కింద చోటు చూపించాడు. నేను మామూలుగా నిలబెట్టి పాతబోతే చెయ్యి పట్టుకుని ఆపింది కూడా వాడే. "అరె, మీ అమ్మ ఎట్ల వెట్టిందో గట్లనే వెట్టు. పెద్దోళ్ళ పనిల మన అకల్ జూపొద్దు." మొహం ఎటుండేదని అడిగాడు. ఇంటివైపు అన్నాను. వాడే శ్రద్ధగా తమ ఇంటివైపు తిప్పి పెట్టాడు.

అమ్మ తొమ్మిది రోజులు ఖాళీ గుంట ముందు ప్రార్థన చేసింది. పదో రోజు ఒక బ్రోకరు, వెనక ఒక లావుపాటి పెద్దమనిషి వచ్చారు. పెద్దమనిషి మా దక్షిణం వాకిలి చూసి పెదవి విరిచి, పోదామని వెనక్కి తిరిగాడు. తిరిగితే ఎదురుగా ఏముంటుంది? ఉత్తరం వాకిలి. ఛోటే వాళ్ళ ఇల్లు. అమ్మాలన్న ఆలోచన కలలో కూడా లేని ఆ ఇంటికి చాయ్ చల్లారేలోపు బేరం కుదిరింది. శామీర్‌పేటలో అన్న పక్కనే కట్టుకోవాలని ఛోటే వాళ్ళ అబ్బాకు ఎప్పటినుంచో ఉందట, ఆ రోజే గుర్తొచ్చింది.

అమ్మ తన గుంట వైపూ, ఎదురింటి వైపూ మార్చి మార్చి చూసింది. మా నాయిన మాత్రం చిత్రిక పడుతూనే, "తలకిందులు వెడితె ఏ ఇల్లు ఎవలదో గాయినకెట్ల తెలుస్తది?" అన్నాడు.

వాళ్ళ సామాను లారీకెక్కించిన రోజు ఛోటే ఒక చిన్న మూటతో పరుగెత్తుకొచ్చాడు. జోజప్పగారిని తవ్వి, కడిగి, తన కొత్త రుమాల్లో చుట్టాడు. "మీ పెద్దాయిన్ని మర్సినవ్ రా. మట్టిల ఒక్కన్నే ఇడిసి మేమెట్ల పోతం?" అన్నాడు. నేను ఆగలేక జరిగిందంతా అక్కడే చెప్పేశాను. వాడు లారీ చక్రం పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

ఆ సాయంత్రమే జోజప్పగారిని మళ్ళీ మా గుంటలో పాతాను, ఈసారి మనస్ఫూర్తిగా. ఛోటే లేని గల్లీలో నాకేం పని? ఏడు నెలలకు మా ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నది వాస్తునూ, మా బొమ్మల్నీ కూడా నమ్మని ఒక పాస్టరుగారు. అమ్మ ఆ బడి వెనక వీధిలోనే ఇల్లు కొనుక్కుని, రిటైరయ్యేదాకా బడికి నడుచుకుంటూ వెళ్ళింది.

ఇక నేను కల్పించిందేమిటో చెప్పాలి. సాగదీసినవి చాలా ఉన్నాయి గానీ లేనిది ఒక్కటే. లారీ దగ్గర నేను ఛోటేకి ఏమీ చెప్పలేదు. వాడు నవ్వనూ లేదు. మూట అందుకుని తల ఊపాను, అంతే. ఇప్పటికీ ఏ పెళ్ళిలోనో కలిస్తే, ప్లేటు పట్టుకుని నా పక్కనే కూర్చుని, అడగని ఇంటికి ఆ బేరం ఎట్ల వచ్చిందో తనకు సమజ్ కాలేదంటాడు. నేను బిర్యానీ బాగుందంటాను.