నలభై ఒక్క కాగితాల కాపురం

నలభై రెండేళ్లు కాపురం చేసిన సొంత పెళ్లాన్ని ఒక దేశపు సర్కారు ముందు పరాయి ఆడదాన్ని చేసిన మగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. తాగి కాదు, కొట్లాడి కాదు, నిజం చెప్పి చేశాను. నిజం నిప్పులాంటిదంటారు పెద్దలు. ఆ నిప్పుతో నేను మా కొంపే అంటించుకున్నాను.

అప్పటికి నేనింకా పడుచువాణ్ణి. అరవై నాలుగే. కంబదూరు పక్క పల్లెలో బతుకంతా గొర్రెలు కాచి, చివరికి మందను అమ్మేసి, కెనడాలో నర్సుగా పనిచేస్తున్న మా కూతురు సరళ దగ్గరికి నేనూ నా భార్య లింగమ్మా వెళ్లి ఏడాదైంది. మనవరాలు అప్పుడప్పుడే దోగాడుతోంది. ఆ పిల్లను వదిలి వెనక్కి రానంటే రానని లింగమ్మ కూర్చుంది. అక్కడే శాశ్వతంగా ఉండాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తు నా పేరు మీద. నా భార్యగా అందులో ఆమెకు చోటు.

"నాయనా, నువ్వు సంతకం పెట్టు సాలు. తక్కింది నేను నింపుతా" అంది సరళ.

నాకు ఒళ్లు మండింది. నేను బడికి పోయింది ఒక్కసారే, అదీ మా గొర్రె లోపలికి దూరితే ఈడ్చుకు రావడానికి. ఒప్పుకుంటాను. అయితే ఏం? తెలుగు శనక్కాయల పొట్లాలు విప్పి నేర్చుకున్నాను. ఇంగ్లీషు కళ్యాణదుర్గం సంతలో కొన్న పాత నిఘంటువు చూసి నేర్చుకున్నాను. దానికి మొదటి ముప్పై పుటలు లేవు. అందుకే 'ఏ' అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలంటే నాకు నేటికీ అనుమానమే. ఆ అనుమానితుల్లో 'అడ్రస్' ఒకటి.

"ఈడ పెట్టు కాయితం. ఆ మాత్రం నాకు తెలీదా?" అన్నాను.

తెలిసింది. కెనడాకు రాకముందు పదేళ్లలో ఎక్కడెక్కడ నివసించారో తేదీలతో సహా రాయాలట. మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ ఉండకూడదట. అబద్ధం రాస్తే దరఖాస్తు చెత్తబుట్టలోకేనట.

"మన ఊరు, మన ఇల్లు. ఒక్క లైన్ నాయనా" అంది సరళ.

"ఆ ఇంట్లో నేనెప్పుడు పండుకుంటిని? అబద్ధం రాయమంటావా నన్ను?"

నా బాధ మీకైనా అర్థం కావాలి. కోతలైన చేలల్లో రాత్రిపూట మందను ఆపుతాం. ఎరువు రైతుకు, గింజలు మాకు. ఒక చేలో మూడు రాత్రులు, ఇంకో చేలో రెండు. ఏడాదికి పది నెలలు నా ఇల్లు ఆకాశం కిందే. వాన పడని మా సీమలో పైకప్పు లేకపోవడం పెద్ద లోటేమీ కాదు.

వాళ్లిచ్చిన గీతలు ఆరు. నేను జతచేసిన కాగితాలు నలభై ఒకటి. 'ఓబులేసు శనక్కాయ చేను, తూర్పు గట్టు, మూడు రాత్రులు. తిమ్మప్ప కొర్ర చేను, చింతచెట్టు కింద, రెండు రాత్రులు.' అన్నీ ఎలా గుర్తున్నాయంటారా? పదేళ్ల కింద ఏ గొర్రె ఎక్కడ ఈనిందో చెప్పగలవాడికి తానెక్కడ పడుకున్నాడో గుర్తుండదా? పదకొండు రోజులు రాశాను. లింగమ్మ కాగితం సరళ నింపింది. ఊరు, ఇల్లు, పదేళ్లు. ఒక్క గీత.

"ఇన్ని కాయితాలు ఎవురు సదువుతారు నాయనా?"

"అడిగినోడు సదువుతాడు. సదవనోడు అడిగేదెందుకు?"

వాళ్లు చదివారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఐదు నెలలకు ఉత్తరం వచ్చింది. సరళ చదివి, గొర్రెల్లో తోడేలు పడినట్టు మొహం పెట్టింది.

"ఏమంటమ్మీ?"

"పదేండ్లలో నువ్వూ అమ్మా ఒక్క అడ్రస్‌లో ఉండేది శానా తక్కువంట. మీ పెండ్లి నిజమేనా, కాయితాల కోసం మొగుడూ పెండ్లాం అని చెప్పుకుంటాండారా అని అడుగుతాండారు. రుజువు చూపీకపోతే ఇద్దరి దరఖాస్తూ కొట్టేస్తారంట."

మనవరాలి నోటి దగ్గర లింగమ్మ చెంచా ఆగిపోయింది. "ఏమమ్మీ, నేను ఈయప్ప పెండ్లాం కాదా?"

"అట్లని కాదమ్మా..."

"మరి ఈ నలభై రెండేండ్లూ నేను ఎవురికి సంగటి కెలికినట్లు?"

రుజువు వెతికాం. పెళ్లి ఫొటో లేదు. ఆ కరువులో పందిరికి పచ్చాకే దొరకలేదు, ఫొటోగ్రాఫరు ఎక్కడ దొరుకుతాడు? ఉత్తరాలు లేవు. ఆమెకు చదువు రాదు. వచ్చినా రాయడానికి నాకు అడ్రస్ లేదు. మూడు రోజులు లింగమ్మ నాతో మాట్లాడలేదు. కంచం ముందు పెట్టి, మనవరాలితో అనేది: "ఆ పరాయి మగోనికి చెప్పు తల్లీ, సంగటి సల్లారతాండాది."

ఆఖరికి మమ్మల్ని పిలిపించారు. నెరిసిన జుట్టు దొరసాని ఒకామె అధికారి. మా మాటలు ఆమెకూ, ఆమె మాటలు మాకూ చెప్పడానికి ఫోనులో ఒక కోస్తా కుర్రవాడు. నన్ను మూలన కూర్చోబెట్టి నోరు విప్పొద్దన్నారు.

"మీ ఆయన నెలల తరబడి బయటే ఉంటే, ఎక్కడున్నారో మీకెలా తెలిసేదని అడుగుతున్నారండీ" అన్నాడు కుర్రవాడు.

"తెలీక యాడికి పోతాది? ఎనిమిది దినాలకొక తూరి సద్ది ఎత్తుకొని పోతాంటి కదా!"

"ఎక్కడికండీ?"

లింగమ్మ కళ్లు మూసుకుంది. "ఓబులేసు శెనక్కాయ చేను, మూడు రాత్రులు. ఆమీట తిమ్మప్ప కొర్ర చేను, రెండు..."

దొరసాని నా కాగితాలు తీసి, కలం మొదటి గీత మీద పెట్టింది. లింగమ్మ చెబుతోంది, కలం దిగుతోంది. కాగితం తిరిగింది. ఇంకోటి తిరిగింది.

"అమ్మా, కాస్త ఊపిరి తీసుకోండి" అన్నాడు కుర్రవాడు.

"నాకు ఊపిరి ఉండాదిలే, నువ్వు చెప్పప్పా!"

ఏడో కాగితంలో కలం ఆగింది. లింగమ్మ నాగన్న చేను అంది. నేను హనుమప్ప చేను అని రాశాను.

"హనుమప్ప చేనా? ముందటేడు గింజలియ్యలేదని ఆడ మంద ఎయ్యనని ఒట్టు పెట్టుకునింది ఈయప్పే!"

నిజమే. తలూపాను. దొరసాని దిద్దుకుంది. బతికాను అనుకున్నాను. పంతొమ్మిదో కాగితం దాకా.

"ఈడ ఏమి రాసినాడు? రంగప్ప చేను, మూడు రాత్రులు అనా?"

అవునంది దొరసాని.

"అబద్ధం!"

నేను కుర్చీలోంచి సగం లేచాను.

"ఆ మూడు రాత్రులు ఈయప్ప మందలో లేడు! మా తమ్మున్ని కాపలా పెట్టి, గోరంట్లలో తన అక్క ఇంట్లో కోడికూర తిని పండుకున్యాడు. నేను ఆ ఎండలో సద్ది మోసుకొనిపోతే ఆడ గొర్రెలూ మా తమ్ముడే! ఎనిమిదేండ్లు కడుపులో పెట్టుకుంటి. ఇంగ పెట్టుకోను!"

నేనిక ఆగలేకపోయాను. "ఏమే, రెండు రాత్రులేనే! మూడో దినం పొద్దున్నే వచ్చేస్తిని కదనే!"

"సూడమ్మా దొరసానీ, వాని నోటితోనే ఒప్పుకున్యాడు!"

ఫోనులో కుర్రవాడు నవ్వు మింగుతూ అంతా తర్జుమా చేశాడు. దొరసాని కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. ఏదో చెప్పింది.

"ఆవిడకి ఇంక రుజువులు అక్కర్లేదటండీ. ఒక కోడికూర మీద ఎనిమిదేళ్లు కోపం దాచుకోవడం పెళ్లానికి తప్ప ఇంకెవరికీ చేతకాదటండీ."

ఇద్దరికీ అక్కడే ఉండిపోవడానికి కార్డులు వచ్చాయి. అడ్రస్ ఒకటే. కానీ ఆ పంతొమ్మిదో కాగితం మీద దొరసాని రాసుకున్నది మాత్రం 'గోరంట్ల, మూడు రాత్రులు' అనే. దిద్దమని ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. లింగమ్మ నా చేతిలోంచి కలం లాక్కుంది.

కాబట్టి మా బీరప్ప దేవుడి గొంగడి పట్టుకుని, పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆరు గీతలిచ్చిన చోట ఏడో గీత రాయను. నేనెక్కడున్నానో ఎవరైనా అడిగితే లింగమ్మను అడిగి చెబుతాను. ఆమెను వెంటబెట్టుకోకుండా ఈ జన్మలో కోడికూరకు గోరంట్ల వెళ్లను.

అవి రెండు రాత్రులే.