గడ్డకెక్కాక మిగతా సగం

మా మనవరాలు పాలమూరులో ఒక దవాఖానలో నర్సు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు తోటి నర్సులు ముగ్గురితో గోవా పోతానంది. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. సముద్రం అడుగుకు దిగి చేపలను చూసి వస్తాననేసరికి మా కోడలు గరిటె పక్కన పెట్టి, అవ్వ సరేనంటేనే పొమ్మంది. తెలంగాణ వచ్చాక మా మర్రిగూడ ఇంటికి నల్లా వచ్చింది. బావి మొహం చూసే పని తప్పినప్పటినుంచి కోడలికి లోతు నీళ్లంటే భయం ఎక్కువైంది.

నాకు ఆ భయం లేదు. చిన్నప్పుడు మా బాపు నడుముకు తాడు కట్టి మోటబావిలోకి దింపి ఈత నేర్పాడు. తాడు కొస ఆయన చేతిలో ఉండేది. అందుకని నేను అడిగింది ఖర్చు, ఆ తరువాత నీళ్లలో చెయ్యి పట్టుకునేది ఎవరని.

మనిషికి మూడు వేలట. గాలి సిలిండరు, పడవ కిరాయి, వెంట దిగే గైడు అన్నీ అందులోనేనట. గైడు ఒక్కడు, వీళ్లు నలుగురు.

"అంటే నీకు పావు మనిషి. పావు మనిషి పట్టుకుంటే మునగవా?" అన్నాను.

గైడుకే ఫోన్ చేయించి, నాకొచ్చిన ఉర్దూలో మాట్లాడాను. ఒక్కరికి ఒక్కడే కావాలంటే నాలుగున్నర వేలన్నాడు. గాజులవాడి దగ్గర పది రూపాయలు తగ్గించనిదే లేవని నేను, మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాను. పైన పదిహేను వందలు నా గొర్రెల డబ్బు. కానీ మొత్తం ముందే పంపాలన్నాడు. అక్కడ ఆగాను. బావిలో పూడిక తీసేవాళ్లకు మా దిక్కు కూలి మొత్తం ముందు ఇవ్వరు. సగం కూలి గడ్డ మీద ఉంటే మనిషి గడ్డకు వస్తాడని నమ్మకం. అది ఉర్దూలో చెప్పరాక తెలుగులోకి దిగాను.



"అవ్వా, మీదే ఊరు?" అన్నాడు, అచ్చం పాలమూరు యాసలో. వాళ్ల అమ్మానాన్నలు కూలికి గోవా పోయి అక్కడే ఉండిపోయారట. "మా నాయిన గూడ బాయిల పూడిక తీసెటోడే. గడ్డకెక్కినంకనే మిగతా సగం. సరే, గట్లనే కానియ్. కని ఎక్కినంక తినెతందుకు గూడ పెట్టాలె గద. గది మర్చిపోయినట్టు చేస్తున్నవ్."

పట్టుబడ్డాను. సకినాలు చేసి మనవరాలి సంచిలో పెట్టాను.

పిల్ల సముద్రంలోకి దిగే రోజు కోడలు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. నేను ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పన్నెండు దాటాక మోగింది.

"అవ్వా, ఎక్కింది. పంపు."

పిల్లకు ఇమ్మన్నాను. అది ఊపిరి తిప్పుకోకుండా పసుపుపచ్చ చేపల గురించి చెప్పింది. చెయ్యి వదిలాడా అని అడిగితే, ఒక్కసారి కూడా వదల్లేదంది. అప్పుడు మిగతా సగం పంపించమని మా కొడుక్కి చెప్పాను. మళ్లీ గైడే ఫోన్ తీసుకున్నాడు.

"పైసలు ముట్టినయవ్వా. సకినాలే, ఈ పిల్లలు రైల్లనే తిన్నరు. నాకు పావు వంతే మిగిలినయి."

మరుసటి వారం అతనికి నిండు డబ్బా పంపాను. కొరియర్‌కు నూట అరవై అయింది. అది కూడా గైడు ఖర్చే. మొత్తం నాలుగు వేల ఆరు వందల అరవై.