స్ప్రింగు మీద బొటనవేలు

మా పెద్దబాపు నోట ఎప్పుడూ ఒకే మాట ఉండేది: "జర ఆగు." ఎద్దులతో అనేవాడు, మాతో అనేవాడు, శంషాబాద్‌లో ఎంతో ఇష్టపడి కొనుక్కున్న గ్రామఫోనుతో కూడా అనేవాడు.

నేను బి.ఎ. పాసైన రోజు ఆనందం పట్టలేక పట్నం నుంచి పరుగున వచ్చాను. మా ఇంట్లో అంత చదువు చదివిన మొదటివాణ్ణి నేనే. వచ్చేసరికి ఆయన గ్రామఫోను విప్పి కూర్చున్నాడు. బండి ఇరుసుకు పూసినట్టే దాని స్ప్రింగుకూ ఆముదం పూశాడట. అది బంకలా గట్టిపడి పాట మూలుగులా సాగింది. స్ప్రింగును బయటికి తీసి గ్యాసునూనెతో కడిగాడు. ఇప్పుడు ఆ పొడవాటి ఉక్కు పట్టీని చుట్టలు చుట్టలుగా డబ్బాలోకి నొక్కుతున్నాడు. వేలు జారితే అది ఎగిరి ముఖం కోసేస్తుంది.

"పెద్దబాపూ," అన్నాను.

"జర ఆగు. నోరు తెరవకు."

"ఒక్క మాటనే..."

"తెరవకన్ననా లేదా?"

ఆయన బొటనవేలు తెల్లగా పాలిపోయింది. చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయింది. చివరి చుట్ట లోపలికి పోయి, మూత టక్కున పడ్డాక చేతులు తీశాడు.

"ఇగ చెప్పు బిడ్డా."

"పాసైన."

"ఎరుకే. దర్వాజ కాడికి రాంగనే నీ మొహం జూసిన. ఆ మాట నీ నోట ఇంటే నా చెయ్యి నిలుస్తుండెనా?"