తోస్తేగానీ కదలని బండి

అత్తవారి ఊళ్లో నేను చేసిన మొదటి పని మోటారుసైకిలు తొయ్యడం.

గుంటూరులో పెళ్లి చేసుకుని రైలెక్కి సికింద్రాబాదు స్టేషన్లో దిగాం. మా అత్తగారు ట్రంకుపెట్టెలు, పరుపుచుట్ట, మా అమ్మ కట్టిచ్చిన అరిసెల డబ్బా జట్కాలో వేయించుకుని, వాటి మధ్య తానూ సర్దుకుని లాలాగూడ వెళ్లిపోయారు. నన్ను మాత్రం మావారు తన బండి మీద తీసుకొస్తానన్నారు. ఆయన స్నేహితుడు ముందే తెచ్చి స్టేషను బయట గోడకు ఆనించి ఉంచాడు. పెద్ద యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు లీలాం వేసిన పాత సామాన్లలో కొన్న బండి అది. ఒళ్లంతా పచ్చరంగు, దాని కింద నుంచి తన్నుకొచ్చే తుప్పు, ఆ తుప్పు మీద మావారు చేత్తో పూసిన ఇంకో పచ్చరంగు. పట్టుచొక్కా చేతులు మడిచి ఆయన కిక్కు కొట్టారు. కొట్టారు, కొట్టారు, కొడుతూనే ఉన్నారు. పని లేని కూలీలంతా చుట్టూ చేరారు.

"దానికి కోపమొచ్చింది," అన్నారు చెమట తుడుచుకుంటూ. "జెర ఎనక నుంచి నూకవా? నాలుగడుగులే."

తొయ్యడాన్ని ఇక్కడ నూకడమంటారని అప్పుడే తెలిసింది.

"నేనా?"

"మరెవరు? నేను నూకితే గేరెవరు ఏస్తరు?"

చేతినిండా గోరింటాకుతో, ఒంటినిండా పట్టుచీరతో తోశాను. నాలుగడుగులు కాదు, స్టేషను ఆవరణంతా తోశాను. బండి ఒక్కసారిగా దగ్గి, నల్లటి పొగ నా మొహాన ఊది కదిలింది. "ఎక్కు, ఎక్కు, ఆపితే మళ్ల బందయితది!" అని ఆయన అరుపు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, పరుగెత్తి, ఒక పక్కకు కాళ్లు వేసి ఎగిరి కూర్చున్నాను. కూలీలు చప్పట్లు కొట్టారు. మా పెళ్లిలో కూడా ఎవరూ అంత మనస్ఫూర్తిగా కొట్టలేదు.

మా కాపురం అప్పుడే ఒక పద్ధతిలో పడిపోయింది. గేరు ఆయనది, తోపు నాది. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంజన్లకే మందు వేసే మనిషి ఈ ఒక్క బండికి మాత్రం వేయలేకపోయారు. నాకు మిషను బడిలో టీచరు ఉద్యోగం దొరికింది. రోజూ పొద్దున మా వీధి చివరిదాకా నేను తొయ్యడం, బండి అంటుకోగానే ఎగిరి కూర్చోవడం, బడి ముందు దిగడం. ఇంట్లో మల్లెపూవులా ఉతికిన తెల్లచీర బడికి చేరేసరికి చుక్కల చీర అయ్యేది. పిల్లలు నన్ను ఏ పేరుతో పిలుచుకునేవారో ఒకసారి విన్నాను. ఇక్కడ రాయను.

బాగుచెయ్యడానికి ఒక మిస్త్రీ ఉండేవాడు. మా వీధి మలుపులోనే ముసలి సాయిబు, ఒంటిగది దుకాణం, దాని వెనకే ఇల్లు. మావారు ఆయన్ను చాచా అనేవారు. బండి దుకాణం ముందుకు రావడం చూస్తే చాలు, ఆయన చేతిలో ఉన్న చాయ్ కప్పు కింద పెట్టేసేవాడు.

"క్యా బాబూ, మళ్ల పరేషానా? దీన్ని నాకు సూపియ్యకు. హకీముకు సూపియ్యి," అనేవాడు. అంటూనే స్పానరు అందుకునేవాడు.

పోలీసు చర్యకు ముందు రోజుల్లో నిజాం రాజ్యం సరిహద్దు అవతల నుంచి పెట్రోలు రావడం ఆగిపోయింది. ఉన్న కాస్తా మావంటి వాళ్లకు దక్కేది కాదు. మావారు బండికి కిరసనాయిలు తాగించడం మొదలుపెట్టారు. ఒక చుక్క పెట్రోలుతో అంటించి, తరవాత కిరసనాయిలు మీద నడపడం. దాంతో ఊళ్లో మేం ఎటు వెళ్లామో మమ్మల్ని చూడకుండానే చెప్పగలిగేవారు. పొగ గంటసేపు అక్కడే ఉండేది. ఆదివారం మిషను గుళ్లో మా బెంచీ మీద మేమిద్దరమే కూర్చునేవాళ్లం. మిగతా సంఘమంతా కిటికీల వైపు.

మా అత్తగారికి ఆ బండి అంటే ఒళ్లు మంట. "దీపానికి గాసునూనె లేక చీకట్ల తింటున్నం. నీ దున్నపోతుకు తాపుతున్నవారా?" అని కొడుకును తిట్టేవారు. కోడలు తోస్తున్నందుకు మాత్రం ఏమీ అనేవారు కాదు. ఒకసారి నేనే అడిగాను, మీ అబ్బాయికి చెప్పరాదా అని. "చెప్తే నన్ను నూకమంటడు బిడ్డా," అన్నారు.

నేను గేరు నేర్చుకున్నది అప్పుడే. నేర్పమని అడిగితే మావారు నవ్వారు. మా తమ్ముడి సైకిలు తొక్కినదాన్ని, నాకేం భయం లేదన్నాను. వర్క్‌షాపు వెనక మైదానంలో రెండు ఆదివారాలు నేర్పారు. క్లచ్చి ఇది, బ్రేకు ఇది, ఇది ఇట్లా తిప్పితే పోతుంది. చీర ఎట్లా చుట్టుకోవాలో మాత్రం ఆయనకు తెలియదు కాబట్టి అది నేనే కనిపెట్టుకున్నాను.

ఇండియా సైన్యం వచ్చేస్తోందని రేడియో చెప్పిన ఆ నాలుగైదు రోజులూ ఎవరూ ఇళ్లు కదల్లేదు. కూరగాయల మొహం చూసి వారమైంది. పప్పు, పప్పు, మళ్లీ పప్పు. అంతా అయిపోయింది, నిజాం ఒప్పేసుకున్నాడు అని తెలిసిన మర్నాడు మావారు, "బోయిన్‌పల్లిల మా దోస్తుకు తోట ఉన్నది, వంకాయలు తెద్దాం పా," అన్నారు. వంకాయలంటే ఆయనకు మమకారమేమీ లేదు. మిలిటరీ లారీలు ఆ దారిన వస్తాయని ఎవరో చెప్పారు, అదీ సంగతి. వద్దని మా అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు గానీ, వంకాయల పేరు చెప్పేసరికి పక్కకు తప్పుకున్నారు.

తోటలో సంచీ నిండా వంకాయలు, రెండు సొరకాయలు ఇచ్చారు. తిరుగు దారిలో చిన్న ఎత్తు దగ్గర బండి ఆగిపోయింది. రాత్రి కురిసిన వానకు రోడ్డంతా బురద. ఎత్తు మీదికి బరువుతో తొయ్యడం నావల్ల కాలేదు.

"మీరు తోయండి, నేను కూర్చుంటాను. గేరు వచ్చుగా," అన్నాను.

ఆయన అటూ ఇటూ చూశారు. తెలిసినవాళ్లెవరూ లేరని నమ్మకం కుదిరాక ఒప్పుకున్నారు. వంకాయల సంచీ హ్యాండిలుకు తగిలించి, సొరకాయలు ఆయన చంకన పెట్టుకుని, రెండో చేత్తో తోశారు. ఎత్తు దాటి వాలులోకి వచ్చేసరికి బండి అంటుకుంది. వెనక దబ్బున చప్పుడైంది. తిరిగి చూస్తే మావారు బురదలో బోర్లా పడి ఉన్నారు. ఒక సొరకాయ దొర్లిపోతోంది.

"ఆపూ!" అని అరిచారు.

ఆపడం నాకు తెలియక కాదు. ఈ ముక్క ఇన్నేళ్లూ ఆయనకు చెప్పలేదు. ఆపితే మళ్లీ ఎవరో ఒకరు తొయ్యాలి. పైగా గాలి మొహానికి తగులుతోంది, ముందు ఎవరి వీపూ అడ్డం లేదు, పొగంతా వెనక్కి పోతోంది. ఏడాదిగా నేను మింగిన పొగ ఎటు పోవాలో అటే పోతోంది. కాస్త దూరం వెళ్లి ఆపుదామనుకున్నాను. ఆ కాస్త దూరం కాస్త పెరిగింది.

రోడ్డు మలుపు తిరిగేసరికి రెండు వైపులా జనం. చేతుల్లో జెండాలు, బంతిపూల దండలు. ఆడవాళ్లు హారతి పళ్లాలు పట్టుకుని నిలబడ్డారు. పొద్దుటి నుంచీ సైన్యం కోసం చూసి చూసి వాళ్ల కళ్లు కాయలు కాశాయి. ఆ కళ్లకు పచ్చటి మిలిటరీ బండి కనబడింది.

"వచ్చిండ్రు! వచ్చిండ్రు!"

మొదటి దండ నా భుజం మీద పడింది. రెండోది కళ్లకు అడ్డం పడింది. జనం రోడ్డు మీదికి వచ్చేశారు. గాభరాగా క్లచ్చి నొక్కాను. వైరు పుటుక్కున తెగింది. బ్రేకు తొక్కితే బండి రెండు దూకులు దూకి చచ్చి ఊరుకుంది.

తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. ఆడమనిషిని చూసి కాసేపు తికమకపడ్డాడు. ఇండియాలో ఇట్లాంటివి ఉంటాయి కాబోలని సర్దుకున్నట్టున్నాడు.

"ఏందమ్మా, నువ్వు ముందుగాల వచ్చినవా? మీవాళ్లు ఎంత దూరంల ఉన్నరు?"

"వెనకాలే వస్తున్నారండి," అన్నాను. నేనన్నది మావారి గురించి.

"ఎంతమంది?"

"ఒక్కరేనండి."

పెద్దాయన కళ్లు పెద్దవయ్యాయి. వెనక్కి తిరిగి అందరికీ వినిపించేలా అరిచాడు. "ఒక్కడే వస్తున్నడట! ఎంత పెద్ద అఫ్సరో!"

మా వైపు భర్తను ఏకవచనంలో అనడం మర్యాద కాదు. ఆ మర్యాద ఇంత పని చేస్తుందని ఎవరు అనుకుంటారు? నేను విడమరిచి చెప్పేలోపు ఎవరో నా నోట్లో లడ్డూ కుక్కారు.

అప్పుడు ఆయన వచ్చారు. ఖాకీ చొక్కా నిండా బురద, ఒక కాలికే చెప్పు, చంకన ఒక సొరకాయ, కుంటుతూ పరుగు. జనం అరుపులు ఒక్కసారి ఆగిపోయాయి. ఆ రోజుల్లో ఖాకీ చొక్కా అంటే అందరికీ వర్క్‌షాపు గుర్తుకు రాదు. మొన్నటి దాకా రజాకార్లు అదే రంగు వేసుకుని ఊళ్ల మీద పడ్డారు.

"ఎవడ్రా వాడు?" అని ఒక గొంతు. కర్రలు పట్టుకున్న ఇద్దరు ముగ్గురు ముందుకు కదిలారు.

నోట్లో లడ్డూ ఉంది. మాట రావడం లేదు. ఉమ్మేసి అరిచాను. "మా ఆయనండీ! ఆయనే! వెనకాల వస్తున్నారన్నది ఆయన్నే!"

కర్రలు అక్కడే ఆగాయి. పెద్దాయన మావారిని, నన్ను, సొరకాయను మార్చి మార్చి చూశాడు. "ఓరి నీ అఫ్సరు!" అని నవ్వడం షురూ చేశాడు. నవ్వు జనమంతా పాకింది. చేతిలో ఉన్న దండ వృథా ఎందుకని దాన్ని మావారి మెళ్లో వేసేశాడు. అసలు సైన్యం వచ్చేసరికి పూలు కాస్త తక్కువ పడ్డాయని తరవాత విన్నాం.

బండిని లాలాగూడ దాకా నడిపించుకొచ్చాం. దారంతా ఆయన నాతో మాట్లాడలేదు. వీధి మలుపులో మిస్త్రీ దుకాణం మూసి ఉంది. వెనక ఇంటి తలుపూ మూసే ఉంది. నాలుగు రోజులుగా మూసే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. మావారు ఏమీ ఆలోచించకుండా వెళ్లి తలుపు కొట్టారు. లోపల ఎవరో నడుస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"చాచా, నేనే. క్లచ్చి వైరు తెగింది."

లోపలి నుంచి గొంతు వినిపించింది. "వైరా? ఇయ్యాలనా?"

"ఇయ్యాలనే తెగింది మరి."

తలుపు జానెడు తెరుచుకుంది. గడ్డం మాసిన మొహం. ఆయన చూపు మావారిని దాటి నా మెడలో దండల మీద ఆగింది. నాకు ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది. అవి తీసి వంకాయల సంచీలో కుక్కాను. ఆయన వీధిని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. బయటికి అడుగు పెట్టలేదు.

మా అత్తగారు వంకాయల కోసం ఎదురొచ్చి ఇదంతా చూశారు. ఇంట్లోకి వెళ్లి ముక్కాలిపీట తెచ్చి, మిస్త్రీ గుమ్మం ముందు, నడివీధిలో వేసుకుని కూర్చున్నారు.

"నా కొడుకు బండి మంచిగయ్యేదాక నేను ఈడికెంచి కదల. నువ్వు పని చేస్కో భాయ్," అన్నారు.

మిస్త్రీ బయటికొచ్చాడు. వైరు మార్చడానికి పావుగంట చాలు. అడుగుల చప్పుడైనప్పుడల్లా ఆయన తలెత్తి వీధి వైపు చూడడం వల్ల గంట పట్టింది. ఆ గంటలో ఆ దారిన వెళ్లిన కొందరు ఆగి చూశారు. వాళ్లను మా అత్తగారు, "ఏందీ సూస్తున్నవ్? నీకు సుత బండి ఉన్నదా?" అని అడిగి పంపించారు. మర్నాడు బండి బాగానే ఉన్నా పీట వేసుకుని అక్కడే కూర్చుని వంకాయలు తరిగారు. ఆ మర్నాడు చిక్కుళ్లు ఒలిచారు. ఊరు కుదుటపడేదాకా మా ఇంటి కూరలన్నీ ఆ గుమ్మం ముందే తయారయ్యాయి. ఎందుకని ఎవరైనా అడిగితే, మా ఇంట్లో పొగ ఎక్కువని చెప్పేవారు. అదీ అబద్ధం కాదు.

నాలుగో రోజుకు మావారికి నాతో మాటలొచ్చాయి. ముందు, సొరకాయ ఎక్కడ పోయిందని అడిగారు. తరవాత, ఒంటరిగా వెళ్లేదానివి లైసెన్సు లేకుండా ఎట్లా వెళ్తావని అడిగారు. అది కోపమో అనుమతో నాకు ఇప్పటికీ తెలియదు. అనుమతనే తీసుకున్నాను. కొన్ని నెలలు పోయాక లైసెన్సు కోసం కచేరీకి వెళితే అక్కడి గుమాస్తా కళ్లజోడు సవరించుకుని నన్ను చూశాడు. అచ్చు కాగితం ఉర్దూలో ఉంది. అందులో పేరు పక్కన ఫలానావారి కొడుకు అని ముందే అచ్చువేసి ఉందని చదివి చెప్పాడు. కూతురికి చోటు లేదు. "ఏం చెయ్యాలె అమ్మా? గిట్లనే ఛాపిండ్రు," అన్నాడు తల గోక్కుంటూ.

"రాసేయండి. మా నాన్న సంతోషిస్తారు," అన్నాను.

రాసేశాడు. గుంటూరులో అయిదుగురు ఆడపిల్లల తరవాత ఒక్క మగపిల్లవాణ్ణి కన్న మా నాన్నకు, హైదరాబాదు రాజ్యంలో ఇంకో కొడుకు ఉన్నాడని ఉత్తరం రాశాను. ఆయన తిరుగు టపాలో, కొడుకు కాబట్టి ఇక పుట్టింటి నుంచి అరిసెలు అక్కర్లేదు కదా అని రాశారు.