ఆటలో అరటిపండు

నా చిన్నప్పుడు మా వీధి ఆటల్లో నాకొక పేరుండేది. అరటిపండు. పెట్టింది పక్కింటి అక్క. అప్పుడు నాకు ఐదేళ్లు, ఆమెకు పదకొండు. దాగుడుమూతలకు వెళ్లిన మొదటి రోజే మిగతా పిల్లలు నన్ను వద్దంటే, అక్క నా చెయ్యి పట్టుకుని, "ఇది ఆటలో అరటిపండు, ఉండనివ్వండే" అంది. అందరూ నవ్వి ఒప్పుకున్నారు.

మా ఇంట్లో అరటిపండు ముందు దేవుడికి, తర్వాతే మనుషులకు. అందువల్ల ఆ పేరు నాకు గౌరవంగానే తోచింది. పైగా నేనెన్నడూ దొరకలేదు. ఇవాళ కూడా నన్నెవరూ పట్టుకోలేకపోయారని రోజూ మా తాతయ్యకు చెప్పేదాన్ని. ఆయన తాటాకు పుస్తకం మీంచి తలెత్తి నవ్వేవారు, అంతే.

ఒకనాడు మా గాదె వెనక దాక్కున్నాను. వడ్ల దుమ్ముకి తుమ్మొస్తుంటే ముక్కు గట్టిగా పట్టుకున్నాను. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. కాలవ మీద పడవవాళ్ల కేకలు కూడా సద్దుమణిగాక బయటికొచ్చాను. పిల్లలెప్పుడో ఇళ్లకు వెళ్లిపోయారు. అక్క అరుగు మీద వాళ్లమ్మ చేత జడ వేయించుకుంటోంది.

"అక్కా, నన్ను వెతకలేదేం?"

"నిన్ను వెతకడమేంటే పిచ్చిదానా! అరటిపండంటే లెక్కలో లేనిదని. నువ్వు దొరికినా దొంగవి కావుగా!"

వాళ్లమ్మ కూడా నవ్వింది. ఈ సంగతి తాతయ్యకు మొదటి నుంచీ తెలుసని ఇంటికి నడుస్తుంటే తట్టింది. ఎక్కువ నొప్పి పెట్టింది అదే. ఆ వేసవంతా నేను అక్కతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు ఆమె పిఠాపురం దగ్గర అత్తవారింటికి వెళ్లింది. నాకు పదేళ్లప్పుడు ఒకసారి పుట్టింటికొచ్చింది. బాగా చిక్కింది. ఎలా ఉన్నావని మా అమ్మ అడిగితే, "అక్కడ నేను అరటిపండునండి పిన్నిగారూ" అని నావైపు చూసి నవ్వింది. అమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అక్కకు తగిన శాస్తి అయిందనుకున్నాను. పక్కన కూర్చుని ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత ఆమె రాలేదు. పోయిందని కబురొచ్చింది.

ఇప్పుడు మా మనవలు ఆడుకుంటుంటే, అందరికన్నా చిన్నపిల్ల దాక్కున్న చోటికి నేనే వెళతాను. తెలియనట్టు కాసేపు అటూ ఇటూ చూసి పట్టుకుంటాను. దొరికిపోయానని అది ఏడుస్తుంది. ఏడవనిస్తాను.