మెత్తని గొంతు ఆవిడ

లాక్‌డౌన్‌లో ఐర్లాండులో, మా అమ్మాయి ఇంట్లో చిక్కుకుపోయిన రోజుల్లో నేనొక ఐరిష్ జాతి గుర్రానికి పోటీల కోసం తర్ఫీదిచ్చాను. మా అమ్మాయి చదివితే పరువు తీస్తుంది కనుక నిజం చెప్పేస్తాను. తర్ఫీదిచ్చింది పక్క పొలం ఆవిడ. నేను కంచె బయట నిలబడి దానికి క్యారట్లు మేపాను, అంతే.

ఆవిడ గొంతు ఎన్నడూ పైకి లేచేది కాదు. గుర్రాన్ని తిట్టినా, మెచ్చుకున్నా, పసిబిడ్డను జోకొడుతున్నట్టే ఉండేది. నాలుగేళ్ల ఆ గుర్రం పొలంలో అడ్డంగా వేసిన దుంగలన్నీ దూకేది. అక్కడే తవ్విన కందకం దగ్గర మాత్రం మొరాయించి, ఆవిడ కళ్లెం ఎంత లాగినా వినక నా దగ్గరికి వచ్చేసేది.

ఒకరోజు జీను మీద నుంచే అంది: “పెద్దాయనా, శుక్రవారం కొనేవాళ్లు వస్తున్నారు. ఇది కందకం దూకకపోతే కబేళా లారీ ఎక్కుతుంది. ఈసారి మీ దగ్గరికొస్తే కొట్టండి.”

“నేనా? నా చేతి తిండి తిన్నదమ్మా!”

“అందుకే మీరు కొట్టాలి. నా దెబ్బలు దానికి అలవాటే.”

గుర్రం వచ్చింది. మూతితో నా అరచేయి వెతికింది. చేతికర్రతో దాని ముక్కు మీద కొట్టాను. అది అరక్షణం నన్నే చూసింది. తరువాత ఆవిడ తిప్పిన వైపు తిరిగి, ఒక్క ఊపున కందకం దాటేసింది.

ఆవిడ దాని మెడ నిమురుతూ తిరిగి వచ్చింది.

“లాయంలో ఇంకొకటి ఉంది,” అంది, అదే గొంతుతో. “రేపటి నుంచి దానికీ క్యారట్లు మేపండి.”